ఇనుము పడని గది

ఆ కాలేజీ మొత్తానికి తెలివంటే మాదే అనుకునేవాళ్ళు ముగ్గురున్నారు. అటెండరు పోలయ్య, గది తుడిచే అతని పెళ్ళాం గవరమ్మ, గుమ్మంలో కాపలా కూర్చునే బావమరిది కన్నబాబు. "ప్రొఫెసర్లు పుస్తకం చూసి చెబుతారు, మనం చూడకుండానే చెప్పేస్తాం" అని వాళ్ళ గొప్ప. చూడకుండా అన్న మాట మాత్రం నిజం!

వాళ్ళు చూసుకునే ల్యాబు గదిలో పే...ద్ద అయస్కాంతం యంత్రం. సన్నటి గాజు గొట్టంలో రసాయనం పోసి అందులో పెడితే, లోహం చుట్టూ అణువులు ఎలా కూర్చున్నాయో తెరమీద గీతలు గీసి చెబుతుంది.

ఓ పొద్దున ఆ ల్యాబు మేడం ఊరెళ్తూ, "ఇనుమన్నది లోపలికి రానివ్వకండి. హిమజ వస్తుంది. ఏడాది కష్టపడి ఒక్క గొట్టం రసాయనమే చేసుకుంది పాపం. అది పాడైతే పిల్ల చదువు మళ్ళీ మొదటికే" అంది.

అంతే! గవరమ్మ పిన్నీసులు పీకేసింది. కన్నబాబు బెల్టు విసిరేసి ప్యాంటు చేత్తో పట్టుకున్నాడు.

"బావా, తలుపు బందులు ఇనుమే కదేటి?"

ఇంకేముంది, ఊడదీశారు. తలుపొచ్చి పోలయ్య నెత్తిన పడింది.

"ఒరేయ్, రక్తంలో కూడా ఇనుముంటాదని నర్సమ్మ చెప్పిందిరా!" అంది గవరమ్మ. ముగ్గురూ హడలిపోయి బయటికి దూకారు.

"అక్కా, నాకు రక్తం సగమే ఉందన్నారు కదా?"

"అయితే నువ్వు సగం ఎళ్ళు!"

కన్నబాబు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు, ప్యాంటు పట్టుకునే.

అప్పుడొచ్చింది హిమజ, గొట్టం గుండెలకి హత్తుకుని.

"అందులో ఏటుందమ్మా?" అన్నాడు పోలయ్య.

"ఇనుము కాంప్లెక్స్, అన్నా. ఇనుము కలిసిన రసాయనం. జాగ్రత్తగా పెట్టించు" అని చేతికిచ్చి, రిజిస్టర్లో పేరు రాయడానికి వెళ్ళింది.

"ఇనుమంట! మేడం చంపేస్తాది!" అంటూ పోలయ్య గబగబా గొట్టంలోది కుళాయి కింద పారబోశాడు. గవరమ్మ సబ్బుపెట్టి తోమింది, ఆరబెట్టింది. కన్నబాబు ఒంటికాలిమీద వంగి యంత్రంలో పెట్టాడు.

హిమజ వచ్చి తెర చూసింది. "అన్నా, ఒక్క గీతా లేవట్లేదేంటి?"

"ఎలా లేస్తాదమ్మా? నీ ఇనుమంతా మేమే కడిగేశాం కదా!"

పాపం, పిల్ల అక్కడే కూలబడి బావురుమంది. పోలయ్య బయటినుంచే మేడంకి ఫోను చేశాడు.

"అంతా మీరు చెప్పినట్టే చేశాం మేడం. పిల్ల సంతోషం పట్టలేక ఏడుస్తాంది. కన్నీళ్ళలో ఇనుముంటాదేటండి? ఉంటే బయటికొచ్చి ఏడవమంటాం."