వీపు దిగిన బొద్దయ్య

అనగనగా ఇప్పపూలు జలజలా రాలే ఒక అడవిలో జూలమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆమెకు లేకలేక పుట్టిన కొడుకు బొద్దయ్య. ఎలుగుబంట్ల సంగతి తెలుసుగా పిల్లలూ? పిల్లకు అమ్మ వీపే ఊయల, అమ్మ వీపే బండి. మన బొద్దయ్యకైతే నేల మీద కాలు పెట్టడమంటే మహా బద్ధకం.

ఆ అడవిలో వాగు అవతల ఏనుగు తాతగారి పెద్దబడి ఉంది. తొలకరి పడగానే కొత్త పిల్లల్ని చేర్చుకుంటారు. కానీ వాగు దాటి ఎవరి కాళ్ళ మీద వాళ్ళే రావాలి. అమ్మల వీపులెక్కి వస్తే తాతగారు ఒప్పుకోరు. అందుకే వాగు ఇవతల దుప్పి పంతులమ్మ చిన్నపిల్లల కోసం చిట్టిబడి నడిపేది.

"చిట్టిబడికి వీణ్ణి ఎంతసేపు పంపాలి?" అని జూలమ్మకు ఒకటే బెంగ.

పొరుగింటి నక్క వదిన మూతి తిప్పుతూ, "మావాడు పొద్దున పోతే మళ్ళీ పొద్దుగూకాకే రావడం. ఎన్ని పాటలు నేర్చాడో! నువ్వింకా మోస్తూనే ఉన్నావా?" అంది.

జూలమ్మకు రోషం వచ్చింది. మర్నాటి నుంచి బొద్దయ్యను పొద్దంతా బడిలో ఉంచింది. సాయంత్రానికి వాడు వడిలిపోయి వచ్చేవాడు. ఇప్పపూలు నోట్లో ఉండగానే నిద్రపోయేవాడు. తెల్లారితే అమ్మ జూలు పట్టుకుని ఒకటే ఏడుపు.

అది విని కుందేలు అక్క కళ్ళు తుడుచుకుంది. "అయ్యో, పసిప్రాణమమ్మా! పెద్దబడి ఎలాగూ ఉందిగా. అసలు పంపకు," అంది.

జూలమ్మ మనసు కరిగిపోయింది. బడి మానిపించేసింది. బొద్దయ్య హాయిగా వీపెక్కాడు. కానీ ఉడుతపిల్లలు ఆటకు పిలిస్తే, "ఊహూ!" అని జూలులో తల దూర్చేసుకునేవాడు. ఆకాశంలో మబ్బులు పట్టాయి. వీడు పెద్దబడికి ఎలా పోతాడా అని జూలమ్మ గుండెల్లో రాయి పడింది. వెంటనే పంతులమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పంతులమ్మగారూ, నక్క వదినేమో అలా అంటుంది, కుందేలు అక్కేమో ఇలా అంటుంది. నేనేం చెయ్యను?"

పంతులమ్మ నవ్వింది. "వాళ్ళ మాట సరే తల్లీ. నీ బిడ్డ మొహం ఎప్పుడు వెలుగుతుంది? ఎప్పుడు వాడిపోతుంది?"

జూలమ్మ మెడ తిప్పి వీపు మీదికి చూడబోయింది. వీపు మీదుండే బిడ్డ మొహం ఏ తల్లికి కనపడుతుంది? పాపం, ఇన్నాళ్ళూ మోసిందే గానీ తీరిగ్గా చూసుకోనే లేదు.

ఆ రోజు వాణ్ణి చిట్టిబడి దగ్గర కిందికి దింపి, పొదచాటున కూర్చుని చూసింది. మొదట బిక్కమొహం వేశాడు. కాసేపటికి తాబేలుపిల్లతో ఇసుకలో గుంటలు తవ్వాడు, కిలకిలా నవ్వాడు. సూర్యుడు నడినెత్తికి రాగానే వాడి చెవులు వాలిపోయాయి. కళ్ళు నులుముకున్నాడు.

"ఓహో, నా తండ్రికి ఇంత చాలు!" అనుకుని జూలమ్మ వాణ్ణి ఎత్తుకుంది.

అప్పటి నుంచి పొద్దున్నపూట చిట్టిబడి, తర్వాత అమ్మ వెంట పుట్టలు తవ్వడం. ఇంటికొచ్చాక నోరు మూస్తే ఒట్టు, అన్నీ బడి కబుర్లే. కొన్నాళ్ళకు వాడే, "అమ్మా, ఇంకాసేపు ఆడుకుని వస్తానే!" అనడం మొదలుపెట్టాడు. జూలమ్మ ఆ కాసేపూ ఇచ్చింది.

తొలకరి పడింది. వాగు ఒడ్డున జూలమ్మ అలవాటుగా వీపు వంచింది.

"వద్దమ్మా, నేను నడుస్తాగా," అన్నాడు బొద్దయ్య. తాబేలుపిల్ల పక్కనే బుడుంగు బుడుంగుమంటూ వాగు దాటేశాడు. అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగి, "అమ్మా! బడి అయ్యాక మాత్రం ఎత్తుకోవాలి!" అని అరిచాడు.

"అలాగే నా బంగారుకొండా!" అంది జూలమ్మ. ఆమె కళ్ళు చెమర్చాయి. వంచిన వీపు ఎత్తడం కూడా మరిచిపోయి, వాడు కనపడినంతసేపూ అలాగే చూస్తూ నిలబడింది.

నీతి: బిడ్డకు ఎంత బడి కావాలో ఇరుగుపొరుగును అడిగితే తెలియదు, బిడ్డ మొహం చూస్తే తెలుస్తుంది.