కేశవభట్టు తిట్టిన కథ

ఒకానొక కాలాన పెన్న ఒడ్డున రణధవళుడనే రాజు ఉండేవాడు. గెలిచిన ప్రతి యుద్ధానికీ ఒక జయస్తంభం నాటించుకోవడం ఆయనకు మహా సరదా. తనను పొగడని కవిని సభ గడప తొక్కనిచ్చేవాడు కాదు.

ఆ రాజ్యంలోనే ముప్పమ అనే ఆమె ఉండేది. అలాంటి యుద్ధంలోనే ఆమె మగడు పోయాడు. ఆమె ఛందస్సూ గిందస్సూ లేకుండా, మనం మాట్లాడుకునే తెలుగులో ఒక పెద్ద కథ రాసింది. పేరు 'హారతి'. అందులో ఒక రాజు యుద్ధం గెలిచి ఊరేగుతూ ఇంటికొస్తాడు. కన్నతల్లి హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడి, "నేను నా కొడుకు కోసం చూస్తున్నాను. నువ్వెవరివి నాయనా?" అని అడుగుతుంది.

ఆస్థాన పండితుడు కేశవభట్టు ఆ తాటాకుల కట్టను నిండుసభలో నేలకేసి కొట్టాడు.

"రాజద్రోహం, ప్రభూ!"

రాజు ఒక్క ఆకైనా తిప్పి చూడలేదు. "పున్నమినాడు దీన్ని తగలబెట్టండి. రాసిన ఆడదాన్ని పొలిమేర దాటించండి" అన్నాడు.

సభలో ఓ మూల నిలబడ్డ ముప్పమ ముందుకొచ్చి, నేలపాలైన ఆకులు ఏరసాగింది.

అప్పుడు తిప్పన లేచాడు. మాటకు మాట అంటించడంలో ఆ కొలువులో అతణ్ణి మించినవాడు లేడు.

"చిత్తం ప్రభూ. ఈలోగా ఎవరూ దాన్ని చదవకుండా భట్టుగారి తీర్పు ఊరంతా చాటిద్దాం. కాని ఉత్తినే చెడ్డదంటే జనం వింటారా? చదివితే ఏమవుతుందో భట్టుగారే సెలవిస్తే బాగుంటుంది."

"ఏమవుతుందా?" భట్టు మండిపడ్డాడు. "కంటికి కునుకు రాదు! అన్నం సయించదు! ఏ తల్లి ముఖం చూసినా గుండె గుభేలుమంటుంది! చివరి ఆకు దాకా కింద పెట్టనివ్వదు, పాపిష్ఠిది!"

"ఒక్క అక్షరం మార్చావో, నాలుక కోయిస్తాను" అన్నాడు రాజు తిప్పనతో.

తిప్పన మార్చలేదు. ఆ మాటలే డప్పు కొట్టించి వీధివీధినా చాటించాడు.

నాలుగు రోజులు తిరిగేసరికి నగరంలో తాటాకు దొరకడం గగనమైపోయింది. లేఖకులు ముప్పమ ఇంట ఉన్న మరో ప్రతికి నకళ్ళు రాయలేక చేతులెత్తేశారు. కాపలా భటులు కోట తలుపు వేయడం మరచి చదువుతూ కూర్చున్నారు.

వేట ముగించుకుని రాజు అంతఃపురానికి వచ్చేసరికి రాజమాత గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె చేతిలోనూ అదే కథ! ఆమె తలెత్తి కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది.

రాజు గుండె ఝల్లుమంది. తల్లి చేతిలోని ఆకులు తీసుకుని అక్కడే చదవడం మొదలుపెట్టాడు.

మరునాడు కొలువుకు వచ్చిన రాజు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తిప్పనా! చదవొద్దని చాటమంటే, ఊరిచేత చదివించావేం?"

"నేను భట్టుగారి మాట ఒక్కటి కూడా దాటలేదు ప్రభూ. అంత నిజాయితీగా ఏ పుస్తకాన్నీ ఎవరూ మెచ్చుకోలేదు. నాకు తెలిసింది అంతే."

రాజు భట్టు వైపు తిరిగాడు. "కునుకు రాదని మీకెలా తెలుసు?"

భట్టు నీళ్ళు నమిలాడు. "నాకు... రాలేదు ప్రభూ. రెండోసారి చదివినా రాలేదు."

రాజు ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసి, ఆపైన సింహాసనం అదిరేలా నవ్వాడు. నవ్వి నవ్వి, ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకూ రాలేదయ్యా!" అన్నాడు.

శిక్ష రద్దయింది. కొత్త జయస్తంభానికి తెప్పించిన రాళ్ళతో యుద్ధంలో పోయినవారి ఇళ్ళవాళ్ళకు సత్రం కట్టమన్నాడు. తిప్పన మెడలో తన ముత్యాలహారం వేశాడు. "నీకేం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు ముప్పమతో.

"నా తరువాతి కథను కూడా భట్టుగారే తిట్టాలి ప్రభూ."

సభంతా గొల్లుమంది. కేశవభట్టు మాత్రం నవ్వలేదు. మెల్లగా ఆమె దగ్గరకు జరిగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగాడు.

"ఎంతవరకు వచ్చిందమ్మా?"