ఆకుమోమమ్మ వెలసిన వైనం

పూర్వం వేంగళనాయుడనే మండలాధిపతి ఏలుబడిలో కేతోజు అనే శిల్పి ఉండేవాడు. విగ్రహాల కొలతలు చెప్పే తాతతండ్రుల నాటి తాళమానం వేళ్ళకొసల మీద నిలుపుకున్న ఆ నిపుణుడు మలిచిన దేవతామూర్తులు ఆ సీమలో ప్రతి ఆలయంలోనూ కొలువుదీరి ఉండగా, కేతోజు చెయ్యి తగిలితే కఠినశిల కూడా వెన్నవుతుందని జనం చెప్పుకునేవారు. చెప్పుకునేవారికేం, ఎన్నయినా చెబుతారు. ఉలి పట్టినవాడి కష్టం ఉలి పట్టినవాడికే తెలుస్తుంది.

నాయుని తల్లి అక్కమాంబ వయోవృద్ధురాలు. మోదుగుచెట్లు దట్టంగా పెరిగిన గుట్ట మీద అమ్మవారిని ప్రతిష్ఠింపజేసి, కంటిచూపు మిగిలి ఉండగానే ఆ తల్లిని కళ్ళారా దర్శించుకోవాలన్నది ఆమె కోరిక. ఆజ్ఞ అందుకున్న కేతోజు నల్లరాతిలో సర్వలక్షణశోభితమైన విగ్రహాన్ని మలిచి తెచ్చాడు. అక్కమాంబ దీపం దగ్గరగా పట్టించి చాలాసేపు చూసి, "నాయనా కేతోజూ, ఈ తల్లిని నేనెరుగుదును. ఏటిగట్టు గుళ్ళో ఉన్నది ఈమే, కోటలోపలి గుళ్ళో ఉన్నదీ ఈమే. మరి మా గుట్ట మీది తల్లి ఏది?" అని అడిగింది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటేనే బాగుండేది, ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాడు. ఇన్నేళ్ళుగా తాను నేర్చిన కొలతలతో ఒకే మోమును మళ్ళీ మళ్ళీ చెక్కుతున్నానన్న సంగతి ఆ క్షణాన కేతోజుకు తేటతెల్లమయింది. ఫాల్గుణ పౌర్ణమి నాటికి గుట్ట మీది బండలోనే ఆ తల్లిని చూపిస్తాననీ, చూపలేకపోతే ఉలులన్నిటినీ ఏట్లో విడిచి కులవృత్తికి స్వస్తి చెబుతాననీ మాట ఇచ్చి లేచాడు.

గుట్ట మీద సెలయేటి పక్కన నిలువెత్తు బండ ఒకటి ఉండేది. కేతోజు దానికి మొక్కి, ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. చుబుకం రావలసిన చోట వేలెడు గాటు పడింది. రెండో దెబ్బకు చెయ్యి లేవలేదు. బండను ఎటునుంచి చూసినా ఆ పాత మోమే ఎదురు వస్తున్నది. అట్లా కూలబడి ఉండగా అక్క మల్లమ్మ సద్దిమూట పట్టుకుని గుట్టెక్కి వచ్చి, "నీకు ఆడబిడ్డ పుట్టిందిరా తమ్ముడూ. తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు. పురుడు తీరేదాకా ఇంక ఉలి ముట్టమాక" అని చెప్పింది.

శిల్పికి ఉలి కూడా దేవతే గనుక పురిటిరోజుల్లో దానిని తాకకూడదన్నది వారి కులాచారం. పురుడు తీరేది పౌర్ణమి దాటాక. అంటే ఇచ్చిన మాట మంటగలిసినట్లే. బిడ్డ పుట్టిందన్న సంతోషం ఒక కంటా, వృత్తి పోయిందన్న దుఃఖం ఒక కంటా పెట్టుకుని, ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక కేతోజు గుట్ట మీదే ఉండిపోయాడు.

పని మరిగిన చేతులు ఊరుకుంటాయా? ఒకనాడు తడిబండ మీద రాలి అంటుకున్న పండుటాకును ఊరికే కొంచెం పక్కకు జరిపాడు. దాని సరసన మరొకటి పెట్టాడు. సెలయేటిలోంచి తెల్లని పలుగురాళ్ళు ఏరాడు, పుట్టమన్ను తడిపి మెదిపాడు, తుమ్మబంకతో గురివిందగింజలు అతికాడు. కొలతబద్ద లేదు, ఎవరికో చూపాలన్న తాపత్రయమూ లేదు. గాలి వచ్చి చెరిపితే నవ్వుకుని మళ్ళీ పేర్చేవాడు. చెట్టుమీద ఉన్నదానిని తుంచడానికి మాత్రం మనసొప్పలేదు. రాలినదే ఆయనకు చాలింది. ఇంతటి చేయితిరిగిన శిల్పి పసివాడిలా మట్టిలో కూర్చుని ఆకులతో ఆడుకోవడం ఎంత ముచ్చటైన దృశ్యమో!

రోజూ అన్నం తెచ్చే మల్లమ్మ అది చూసి, "బిడ్డను చూడడానికి రావేమిరా? పొద్దున నీ పోలిక, మధ్యాహ్నానికి మన అమ్మ పోలిక, దీపాలవేళకు ఎవరో తెలియని పోలిక. ఆ మొహం నీ కొలతబద్దకు అందేది కాదులే" అని ఎగతాళి చేసింది. కేతోజు చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది.

పౌర్ణమి నాడు తెల్లవారకముందే లేచి, బండ మీది గాటులో ఒక మోదుగాకు తొడిమను గుచ్చాడు. దానిని ఆధారం చేసుకుని తక్కిన ఆకులు, ఇప్పపూలు, గింజలు, రాళ్ళు ఒక్కొక్కటే పైకి పేర్చుకుంటూ పోయాడు. పొద్దు పొడిచేసరికి బండ మీద ఒక తల్లి ఉన్నది. ఆమెను ఎవరూ అంతకుముందు ఏ గుళ్ళోనూ చూసి ఉండలేదు.

పల్లకి దిగిన అక్కమాంబ చేతులు జోడించి నిలబడిపోయింది. వెంట వచ్చిన అర్చకుడు మాత్రం, "పురిటివాడు తాకిన రూపానికి పూజ ఎట్లా చేయమంటారమ్మా?" అని సందేహించాడు. ఆమె వెనుదిరగకుండానే, "కన్నతల్లికి పురుడు మైలెట్లా అవుతుందయ్యా? హారతి పట్టు" అన్నది.

హారతి వెలిగిన వెంటనే కొండగాలి లేచింది. ఆకులన్నీ ఒక్కసారిగా బండను విడిచాయి. అయితే ఆ మోము చెదరలేదు. ఆకాశంలో ఒక్క క్షణం నిండుగా నిలిచి, అందరినీ చూసి, ఆ తరువాతనే తలా ఒక ఆకై వారి మీద రాలింది. కేతోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్కమాంబ తన కొంగులో పడ్డ ఆకును కళ్ళకద్దుకుని, "పోనీలే నాయనా, రేపు ఇంకో మొహంతో వస్తుంది. పో, ఇంటికి పోయి నీ బిడ్డను చూసుకో" అన్నది.

ఆ తల్లికే పర్ణముఖి అని పేరు. జనం నోట ఆకుమోమమ్మ. నేటికీ ఆ గుట్ట మీద చెక్కిన విగ్రహం లేదు, గాటుపడిన బండ ఒక్కటే ఉన్నది. ప్రతి ఫాల్గుణ పౌర్ణమికీ భక్తులు ఇనుము వెంట తీసుకుపోకుండా, కొమ్మ తుంచకుండా, రాలినవి మాత్రమే ఏరుకుని వెళ్ళి అమ్మకు కొత్త మోము పేరుస్తారు. ఎక్కడైనా పురిటివారు గుడిగడప తొక్కరాదు. ఇక్కడ మాత్రం ఆ ఏడు పురుడు వచ్చిన ఇంటివారు ముందు నడవాలి. కేతోజు ఓటమిగా తలచిన ఆ ఒక్క గాటులో తొలి ఆకు నిలిపే హక్కు వారిదే.