నడిమెట్టు ఇల్లు

కొండ మీద కోట. కొండ కింద ఊరు. రెంటికీ మధ్య, మెట్ల దారికి అడ్డంగా ఒక ఇల్లు.

ఆ ఇంటికి రెండు తలుపులు. కోట వైపు తలుపుకి రంగూ, ఇత్తడి గొళ్ళెమూ ఉండేవి. ఊరి వైపు తలుపు ఒట్టి చెక్క. కోటలో దొరలకి ఏదన్నా చెప్పాలనిపిస్తే పై తలుపు తట్టేవారు. ఊరివాళ్ళు మొర పెట్టుకోవాలంటే కింది తలుపు తట్టేవారు. రెండు భాషలూ వచ్చిన తలుపువాడు మధ్యలో నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసేవాడు. అతని తండ్రి కోటవాడు. తల్లి ఊరిది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పై తలుపు తెరిచినప్పుడల్లా తల్లి లేచి, కింది తలుపు దాటి, మెట్టు మీద కూర్చోవాలి. దొరల కంట ఆమె పడకూడదు. ఎవరు పెట్టారో ఆ ఆచారం, తలుపువాడికి అందులో తప్పేమీ తోచలేదు. పసితనం నుంచీ కోట కిటికీల్లో వెలిగే దీపాలు చూస్తూ, నాన్న ఒకనాడు దిగొచ్చి చెయ్యి పట్టుకు తీసుకుపోతాడని కలలు కన్నవాడతను. అంత కల ముందు, మెట్టు మీద కూర్చునే అమ్మ ఎంత?

ఒక ఉదయం కబురొచ్చింది. దొరలు సముద్రం దాటి వెళ్ళిపోతున్నారట.

తలుపువాడు పెట్టె సర్దుకున్నాడు. పై తలుపు బార్లా తెరిచాడు.

"అమ్మా, కాసేపు బయట కూర్చో. నాన్న వస్తాడు."

"ఒక్కసారి నన్నూ చూడనియ్యరా. ఆయన మొహం మర్చిపోయాను."

"ఇవాళ్టికి వద్దమ్మా."

ఆమె వెళ్ళి కూర్చుంది. అతను కింది తలుపుకి గడియ పెట్టాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఎవరూ దిగలేదు. దూరంగా సముద్రం మీద తెరచాపలు లేచాయి. కొండకి వెనక వైపు ఇంకో దారి ఉందని తలుపువాడికి అప్పుడు తెలిసింది.

ఆ వేళకే కింద డప్పులు మోగాయి. ఊరు ఊరంతా పైకి వస్తోంది. ముందు నడుస్తున్నది అతని మేనమామ. మూసిన తలుపు ముందు, మాడే ఎండలో అక్కని చూసి ఆగిపోయాడు.

"నిన్నెవరు బయట పెట్టారక్కా?"

"ఎవరూ పెట్టలేదురా. గాలికి కూర్చున్నాను."

"మంచి గాలే," అని గుంపులో ఎవరో నవ్వారు.

తలుపువాడు గడియ తీశాడు. మామ అతన్నీ, పెట్టెనీ మార్చి మార్చి చూశాడు.

"ఏం అల్లుడూ, పల్లకీ ఇంకా రాలేదా?"

తలుపువాడు తల దించుకున్నాడు. "నేనెక్కడుండాలి మామా?"

"పైన కోట ఇప్పుడు మాది. కింద ఊరు ఎప్పుడూ మాదే. మధ్యలోది దారి. దారిలో కాపురాలేంటి?"

"మీకు తలుపు తీసింది నేనేగా."

"తీసింది నువ్వే. ఇన్నేళ్ళూ వేసిందీ నువ్వే."

పొద్దు వాలేలోగా గోడలు కూల్చేశారు. తలుపులు రెండూ పైకి మోసుకుపోయారు, కొత్త పెద్దలు కూర్చోడానికి బల్లలు కావాలని.

"నువ్వు రా అక్కా, మా ఇంట్లో చోటుంది," అన్నాడు మామ.

"వీడికో?"

మామ చూపు కోట వైపు తిప్పుకున్నాడు.

"అయితే మీరు పదండి," అందామె.

కొడుకు వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నలుగురూ చూస్తుండగా అమ్మ పక్కన కూర్చోవడం అతనికి అదే మొదలు.

ఎక్కేవాళ్ళు మొదట్లో వాళ్ళిద్దరినీ తప్పుకుని నడిచారు. తర్వాత దాటుకుంటూ నడిచారు. ఆ తర్వాత తప్పుకోవడమూ లేదు, దాటడమూ లేదు, అన్ని మెట్ల మీదా వేసినట్టే అక్కడా కాలు వేసి ఎక్కారు.

చాలా ఏళ్ళకి, కోటకి పోతున్న ఇద్దరిలో ఒకడు ఆగి కాళ్ళ కిందికి చూసుకున్నాడు.

"ఈ ఒక్క మెట్టూ వెచ్చగా ఉందేమిట్రా?"

"ఎండకేమోలే, నడు," అన్నాడు రెండోవాడు, గొడుగు మీది వాననీళ్ళు దులుపుకుంటూ.