సద్దణగమ్మ సన్నిధిలో నిద్ర మొక్కు

గోదావరి పాయ నడుమ ఉన్న సంబరాల లంకకు రేవు నుండి పడవలో పావుగంట ప్రయాణం. కార్తీకం మొదలుకొని మాఘం దాకా ఈ లంకకు ఊపిరి సలపదు. వనభోజనాల వారు, పెళ్ళి ఫొటోల వారు, స్పీకర్లు పెట్టుకొని లాంచీలలో దిగే కుర్రకారు తూర్పు ఒడ్డంతా నిండిపోతారు. ఒక పాట విందామనుకున్నవారు నాలుగు పాటలు ఒకేసారి వినవలసి వస్తుంది. ఆ గోల దాటి, రెల్లు పొదల మధ్య కాలిబాటన పడమటి కొసకు నడిచి వచ్చిన భక్తులకు ఒక చిన్న గుడి కనిపిస్తుంది. రెండు అరచేతులతో చెవులు మూసుకొని అందులో కూర్చున్న తల్లి సద్దణగమ్మ. ఇటువంటి విగ్రహం మరెక్కడా చూడలేదని మొదటిసారి వచ్చినవారు అంటూ ఉంటారు. అమ్మవారు ఇలా వెలసిన కథ ఇది.

పూర్వం ఇక్కడ తిప్పభూపతి అనే పాలకుడు విహార మండపం కట్టించుకున్నాడు. ఏటా పంటలు ఇళ్ళకు చేరగానే నలభై రోజుల ఉత్సవం జరిపించేవాడు. ఆ నలభై రోజులూ మేళం ఆగరాదని, మేళగాళ్ళెవరూ లంక దాటరాదని ఆయన ఆజ్ఞ. ఒక ఏడు ముత్యాలు అనే సన్నాయి విద్వాంసుడు ఇరవై రోజులు సరైన నిద్ర లేకుండా వాయించి, ఇరవై ఒకటవ నాటి ఉదయం మండపం మెట్ల మీదనే కూలిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది. నాడి చూసిన వైద్యుడు శేషాచార్యులు అతని భార్య వీరాయమ్మను పక్కకు పిలిచాడు.

"నా మందు సంగతి తరువాత, తల్లీ. ముందు ఇతనికి కంటినిండా నిద్ర పట్టాలి. రేపటిలోగా పట్టకపోతే నేను చేయగలిగింది లేదు."

వీరాయమ్మ డోలు వాయించే గవరయ్య సాయంతో భర్తను మంచంతో సహా వంటశాల వెనుకకు చేర్చింది. అక్కడ గుండిగలు తోముతున్నారు. అరటితోటలోకి మార్చింది. అక్కడ మల్లులు తొడలు చరుస్తున్నారు. ఏటి ఒడ్డుకు మోయించింది. అక్కడ పడవ పందాలు, వాటిని మించి కేకలు. పోయిన ప్రతిచోటా ఆమె చేతులు జోడించి బతిమాలింది. కాదన్నవారు ఒక్కరూ లేరు. "అయ్యో పాపం, ఈ ఒక్క పందెం కానీయమ్మా" అన్నారు. "ఈ ఒక్క పాట" అన్నారు. ఏదీ ఒక్కటితో ఆగలేదు. కాదంటే తగువు వేసుకునేదే. సరేనంటూనే అరిచేవారితో ఏం చేయాలో ఆమెకు పాలుపోలేదు.

చివరికి పడమటి కొసన, రెల్లు చాటున ఇసుకలో మంచం దించారు. గాలి తప్ప మరో అలికిడి లేదు. ముత్యాలు కళ్ళు మెల్లగా మూతపడ్డాయి. అంతలో పది మంది రెల్లు తోసుకొని వచ్చారు. "ఎంత ప్రశాంతంగా ఉందో చూశారా ఇక్కడ" అని మురిసిపోతూ చాపలు పరిచి, డప్పు అందుకున్నారు. ముత్యాలు ఉలిక్కిపడి లేచాడు.

వీరాయమ్మకు బతిమాలే ఓపిక కూడా పోయింది. ఇసుకలో చతికిలబడి, "అమ్మా గోదారీ, ఈ లంక నీదే కదా. నీకు చెవులున్నాయా, లేవా?" అని ఏటిని నిలదీసింది. కూర్చున్నచోటనే ఆమెకు కునుకు పట్టింది. కలలో ఒక ముసలమ్మ విసుగ్గా మొహం పెట్టి కనిపించింది.

"ఉన్నాయి కనుకనే మూసుకొని కూర్చున్నాను. నీ కాళ్ళ కిందనే ఉన్నాను, పైకి తియ్యి. వాళ్ళను ఊరుకోమని ఇంక అడగకు. నీ పెనిమిటి గుండె మీద చెయ్యి పెట్టి చూడమను."

వీరాయమ్మ లేచి రెండు చేతులతో ఇసుక తోడింది. మోచేతి లోతున ఈ విగ్రహం బయటపడింది. వింత చూడడానికి మూగినవారిలో డప్పు వాయించేవాడి మణికట్టు పట్టుకొని, అతని అరచేతిని ముత్యాలు గుండె మీద ఆనించింది. అతడు దరువు తెలిసినవాడు. కాసేపటికి అతని మొహం మారింది.

"దరువు తప్పుతోంది" అన్నాడు మెల్లగా. వెళ్ళి డప్పును ఇసుకలో బోర్లించాడు.

తక్కినవారూ ఒక్కొక్కరే వచ్చారు. ఆ కొట్టుకోవడం తెలియాలంటే ఎవరికి వారు ఊపిరి బిగబట్టవలసి వచ్చింది. చూసినవారు వెళ్ళి చెప్పగా మల్లులు వచ్చారు, పడవల వారు వచ్చారు. వచ్చినవారెవరూ తిరిగి వెళ్ళి కేక వేయలేదు. మధ్యాహ్నానికి లంక సద్దు అణగింది.

మేళం ఆపిందెవరని తిప్పభూపతి మండిపడుతూ వచ్చాడు. వీరాయమ్మ మంచం పక్కనుండి లేవలేదు.

"ప్రభూ, ముందు ఇక్కడ చెయ్యి పెట్టండి. తరువాత ఏ శిక్షయినా వేయండి."

ఆయన చెయ్యి పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఆ సన్నాయి విన్నాడు కాని ఆ మొహాన్ని దగ్గరగా చూడడం అదే మొదలు. వెళ్ళేటప్పుడు పాదరక్షలు విడిచి చేత పట్టుకొని నడిచాడు.

రెండు రోజులు వంటవారు చెక్క గరిటెలే వాడారు. పడవల వారు తెడ్లకు గుడ్డలు చుట్టారు. ముత్యాలు ఆ రెండు రోజులూ నిద్రపోయి, మూడవనాటి ఉదయం లేచి గంజి తాగాడు. "మేళం ఎందుకు ఆగింది? ప్రభువు కోప్పడతారేమో" అని సన్నాయి కోసం తడుముకున్నాడు. అప్పటిదాకా కన్నీరు పెట్టని వీరాయమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దాన్ని ముట్టుకుంటే నేను ఊరుకునేది లేదు" అని మాత్రం అనగలిగింది.

తిప్పభూపతి ఉత్సవాలు మానలేదు. అయితే దొరికినచోటనే తల్లికి గుడి కట్టించి, రెల్లు దాటి ఏ వాద్యమూ రాకూడదని కట్టడి చేశాడు. మేళగాళ్ళకు వంతులు ఏర్పరచాడు.

నేటికీ ఈ గుడికి గంట లేదు. హారతి మౌనంగానే ఇస్తారు. భక్తులు తమ గుండె మీద చెయ్యి ఉంచుకొని మనసులోనే మొక్కుకుంటారు. నిద్ర పట్టనివారికి, పసిబిడ్డల తల్లులకు, దీర్ఘరోగులకు ఈ తల్లి చల్లని చూపు దక్కుతుందని నమ్మకం. పెళ్ళిళ్ళ కాలం ముగిశాక సన్నాయి, డోలు విద్వాంసులు, బ్యాండు మేళాల వారు, సౌండు బాక్సుల కుర్రాళ్ళు కూడా వచ్చి, తమ వాద్యాలు అమ్మ ముందు ఉంచి గుడి మండపంలో నిద్ర చేస్తారు. మొహాన ఎండ పడితే పూజారి తడిక అడ్డం పెడతాడే కాని వారిని లేపడు. లేచినవారికి గంజి పోస్తారు. ఎంతసేపు పడుకున్నావని ఇక్కడ ఎవరూ అడగరు.