రాజుగారి తెల్లటి పళ్లు

ఆ రాజ్యంలో ఎవరిని ఉరితీయాలన్నా రాజు సభలో తాంబూలం నమలాల్సిందే. నమలకపోతే ఆ ఉరి చెల్లదు. నమిలీ నమిలీ రాజు పళ్లు గారపట్టాయి.

రాజుకు పెళ్లి కుదిరేసరికి పళ్లు తోమే సిద్ధప్పకు కబురెళ్లింది. అతని అన్నను ఉరితీసింది మొన్ననే. అయినా పల్లెత్తు మాట అనకుండా, ఉప్పూ బొగ్గుపొడీ పట్టించి తళతళలాడేలా తోమాడు.

"ఈ తెలుపు నిలవాలంటే ఏం చెయ్యాలిరా?"

"తాంబూలం ముట్టకూడదు ప్రభూ. ఒక్కసారి నమిలినా మళ్లీ ఎర్రబడతాయి."

"అంటే ఉరిశిక్షలు మానమంటావా? ముందు నిన్నే ఉరితీయిస్తాను!"

"చిత్తం. తాంబూలం తెమ్మంటారా?"

రాజు అద్దంలో పళ్లు చూసుకుని నోరు మూసుకున్నాడు.

ఆనాటి నుంచి ఉరికొయ్య ఖాళీగానే ఉంది. ఊరంతా సిద్ధప్పను మెచ్చుకుంది. అతను మాత్రం ఆ కొయ్య కిందే కూలబడ్డాడు.

"ఆ పళ్లు నాలుగు రోజుల ముందు తోమి ఉంటే, నువ్వుండేవాడివి కదన్నా!"