తగ్గని కర్పూరం

పటంలో వెతికితే దొరకదు గానీ, గుమ్మడిదుర్గమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండసేన మహారాజు ఏలేవాడు. ఆయనకి శాసనాలు చెయ్యడమంటే మహా సరదా. పొద్దున పళ్ళు తోముకునేలోపల ఒకటి, భోజనమయ్యాక ఒకటి చేసేవాడు. చేసిన ప్రతిదాన్నీ రాతి మీద చెక్కించి, ఆ రాతి పక్కనే నిలబడి వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూసేవాడు, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని.

అలా చెక్కించినవాటిలో వాపసు శాసనం ఒకటి. కొన్న సరుకు నచ్చకపోతే పదిహేను రోజుల్లో తిప్పి పంపొచ్చు. వర్తకుడు కిక్కురుమనకుండా సొమ్ము తిరిగివ్వాలి. తప్పుడు సరుకు పంపాడని తేలితే మాత్రం వాడి అంగడి మూయించి, ఊరు దాటించాలి.

జనం రాజుగారిని వేనోళ్ళ పొగిడారు. పొగిడి ఊరుకున్నారా? పెళ్ళికని పట్టుచీర కొని, కట్టుకుని, పసుపు మరకలతో సహా మడతపెట్టి "రంగు నచ్చలేదు" అని పంపేశారు. జాతరకి కొన్న డోలు జాతర మర్నాడే తిరిగొచ్చింది, "మోత ఎక్కువగా ఉంది" అంటూ. ఒకాయనైతే బుట్టెడు మామిడిపళ్ళు తిని, పులుపని చెప్పి టెంకలు పంపాడు. వర్తకులు తలలు పట్టుకున్నారు గానీ నోరు తెరవలేదు. రాతి మీద చెక్కిన మాట కదా మరి.

దూరపు ఊళ్ళకి సరుకు మోసేది అంచెవాళ్ళు. రోజు నడకకో చావడి ఉండేది. ఒకడు మూట తెచ్చి దించితే, రెండోవాడు దాన్ని త్రాసులో పెట్టి తూకం చూసుకుని గానీ భుజానికెత్తుకోడు. ఆ తూకం తాటాకు మీద గీసి మూటకి కడతాడు. ఎందుకంటే దాని మీదా ఓ శాసనం ఉంది: ఎవరి చేతిలో ఉండగా తూకం తగ్గితే వాడే దొంగ. తులం లోపు తేడా అయితే మాత్రం పోనిమ్మంటారు.

ఇక అసలు సంగతికొస్తాను. కోటవీధిలో చెంచమ్మకి కర్పూరపు అంగడి ఉంది. అత్తగారి దగ్గర పని నేర్చుకుని, మొగుడు పోయాక ముప్పై ఏళ్ళుగా ఒక్కతే నడుపుకుంటోంది. ఆవిడ పొట్లం కట్టిందంటే గుళ్ళో పూజారి కూడా విప్పి చూడడు. అదే ఆవిడ ఆస్తి.

ఏడు చావళ్ళ అవతల కొండకోటలో రాణిగారి తమ్ముడు జగ్గరాజు ఉంటాడు. ఓ ఎండాకాలం ఆయన చెంచమ్మకి కబురు పంపాడు. "మేలైన కర్పూరం, వెదురు పెట్టెలో సర్ది మూడువందల తులాల ఎత్తు పంపు. మిరియాలు మాత్రం వెయ్యకు. ఆ ఘాటు నా ముక్కుకి పడదు."

కర్పూరం హరించిపోకుండా నాలుగు మిరియపు గింజలు వెయ్యడం ఆ వ్యాపారంలో వాడుకే. కానీ దొరగారి ముక్కు దొరగారిది. చెంచమ్మ మిరియాలు లేకుండానే సర్ది, ముద్ర వేసి పంపింది.

సరిగ్గా పదిహేనో రోజున పెట్టె తిరిగొచ్చింది. దాని వెనకే గుర్రమెక్కి జగ్గరాజూ వచ్చాడు. నిండుసభలో పెట్టె మూత తీయించాడు. లోపల తెల్లగా, నిగనిగలాడుతూ పటిక ముక్కలు!

"చూశారా బావగారూ! దేవుడికి హారతివ్వడానికి కర్పూరం పంపమంటే, ఈవిడ మంగలి పొదిలో ఉండే పటిక పంపింది!"

"అయ్యో, కర్పూరమే సర్దాను మారాజా! ఈ చేత్తోనే సర్దాను," అంది చెంచమ్మ.

"చెయ్యి అబద్ధమాడొచ్చు గానీ తూకం ఆడదు." జగ్గరాజు తాటాకులు పైకెత్తి సభంతటికీ చూపించాడు. "పెట్టె నాకు చేరినప్పుడు రెండువందల తొంభైనాలుగు తులాలు. నేను తిప్పి పంపినప్పుడూ అంతే. తిరుగుదారిలో ఏడు చావళ్ళలోనూ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. నేను లోపల చెయ్యి పెడితే తూకం మారదూ?"

సభ మొత్తం ఔనౌనంది. రాజు మీసం దువ్వాడు.

రాజుగారికి కబుర్లు చెప్పి నవ్వించే కొలువు కొమ్మనది. అతను ఆ తాటాకులు తీసుకుని పైనుంచి కిందికి చదివాడు. "ప్రభూ, పెట్టె ఇక్కణ్ణించి బయల్దేరినప్పుడు మూడువందలు. వెళ్ళేటప్పుడు చావడి చావడికీ తులం లోపు తగ్గుతూ పోయింది. వచ్చేటప్పుడు తగ్గడం మానేసింది. వెళ్ళింది కర్పూరం, వచ్చింది పటిక అనిపిస్తోంది."

"కర్పూరం పళ్ళెంలో పెడితే హరిస్తుంది గానీ, మూతపెట్టి ముద్రవేసిన పెట్టెలోంచి ఎలా పోతుందోయ్? దానికేమైనా కాళ్ళున్నాయా? అది త్రాసుల్లో తేడా!"

"వచ్చేటప్పుడూ అవే త్రాసులు కదా ప్రభూ?"

"నోర్ముయ్! మా బావమరిదిని దొంగంటావా? ఈ ముసలమ్మ పది రోజుల్లో అంగడి మూసి ఊరు దాటాలి. ఇది మా తీర్పు."

పక్క ఆసనంలో రాణిగారు తల వంచుకుంది.

మర్నాడు కొమ్మన అంగడికి వెళ్ళేసరికి చెంచమ్మ డబ్బాలు ఒక్కొక్కటే తుడిచి గోనెలో పెడుతోంది.

"సర్దకు అత్తా."

"సర్దక ఏం చెయ్యమంటావు నాయనా? కూడు ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఈ వయసులో పొరుగూరు పోతే పటికమ్మే చెంచమ్మ వచ్చిందంటారు. ఆ మాట పడలేను."

"నాకు వంద తులాల ఎత్తు కర్పూరం కట్టు. వెదురు పెట్టెలో. మిరియాలు వెయ్యకు."

"ఊరొదిలి పోయేదానితో పరాచికాలా?"

"పరాచికం నీతో కాదులే. కట్టు."

ఆ పెట్టె చంకనెట్టుకుని కొమ్మన సభకి వెళ్ళాడు. "ప్రభూ, ఇది మా అమ్మ మొక్కుకున్న కర్పూరం, మిరియాలు వెయ్యనిది. మా ఇంట్లో ఎలుకల బెడద. పది రోజులు తమ పడకగదిలో, తమ ముద్ర కింద ఉంచితే నాకు నిశ్చింత."

రాజు పొంగిపోయాడు. "నా ముద్ర పడ్డ పెట్టెలోంచి చీమైనా బయటికి రాదు. ఏదీ, త్రాసు తెప్పించండి!"

ఆస్థాన కంసాలి తూచాడు. సరిగ్గా వంద తులాలు. తాటాకు మీద గీసి, పెట్టెకి కట్టి, రాజు తన ఉంగరంతో ముద్ర వేశాడు. పెట్టెని పడకగదిలో కిటికీ పక్కన పెట్టించాడు. తాళంచెవి తన మొలతాడుకే కట్టుకున్నాడు.

పదో రోజు వచ్చింది. జగ్గరాజు ముందు వరసలో తాంబూలం నములుతూ కూర్చున్నాడు. చెంచమ్మ చేతిలో మూటతో ఓ మూల నిలబడింది. రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క క్షణం ప్రభూ," అన్నాడు కొమ్మన. "ముందు నా పెట్టె ఇప్పిస్తే మా అమ్మ మొక్కు తీరుతుంది."

పెట్టె తెచ్చారు. ముద్ర చెక్కుచెదరలేదు. రాజు గర్వంగా అందరి వంకా చూశాడు. కంసాలి త్రాసులో పెట్టాడు. ఓ రాయి తీశాడు. ఇంకోటి తీశాడు. చెమట తుడుచుకున్నాడు.

"తొంభై... తొంభై అయిదు తులాలు ప్రభూ."

కొమ్మన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో, అయిదు తులాలు! ఇప్పుడు నేనేం చేసేది? ఎవరి చేతిలో ఉండగా తూకం తగ్గితే... అని కోట గుమ్మం దగ్గర రాతి మీద ఉంది. ఆ తరవాతి మాట నా నోట రాదు. తమరే చదువుకోవాలి."

రాజు మొహం దానిమ్మపువ్వులా అయింది.

"నన్నే అంటావా! ముద్ర చూడు! తాళంచెవి నా మొలకే ఉంది చూడు!"

"ముద్ర ఉంది, తాళంచెవి ఉంది. కర్పూరమే లేదు. మూతపెట్టి ముద్రవేసిన పెట్టెలోంచి ఎలా పోతుంది, దానికేమైనా కాళ్ళున్నాయా అని పెద్దలొకరు సెలవిచ్చి ఉన్నారు."

"ఎవడా బుద్ధిహీనుడు?" రాజు సింహాసనం మీంచి లేచిపోయాడు. "కర్పూరం హరిస్తుందిరా! ముద్ర వేస్తే ఆగుతుందా? మండుటెండాకాలం, వెదురు పెట్టె, లోపల ఒక్క మిరియపు గింజ లేదు! ఎవడూ ముట్టుకోకపోయినా తగ్గుతుంది! ఇన్ని రోజులూ తగ్గకుండా ఉంటేనే అందులో ఉన్నది కర్పూరం కాదని..."

అక్కడ ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి బావమరిది వైపు చూశాడు.

జగ్గరాజు తాంబూలం మింగేశాడు. "బావగారూ, నా గుర్రానికి నీళ్ళు పెట్టే వేళయింది..."

"గుర్రం ఆగుతుంది, కూర్చో. వెళ్ళేటప్పుడు ఏడు రోజులూ తగ్గిన సరుకు, నీ కోటలో ఒక్కరోజు ఉండి వచ్చేసరికి వెంట్రుకవాసి కూడా తగ్గలేదేం?"

"అది... అది చాలా మేలైన కర్పూరం బావగారూ. తగ్గదు."

"కర్పూరమా? పటికన్నావుగా?"

తూకం సరిగ్గా సరిపోవాలని రాత్రంతా కూర్చుని పటిక ముక్కలు అరగదీసిన మనిషి, అంత సరిగ్గా సరిపోవడమే కొంపముంచుతుందని ఎలా అనుకుంటాడు?

ముందు నవ్వింది ఎవరో తెలీదు. చెంచమ్మే అని కొందరంటారు. రాజు మాత్రం మొదట పళ్ళు కొరికాడు, తరవాత తనని తానే నిండుసభలో బుద్ధిహీనుడన్న సంగతి గుర్తొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వాడు. కిరీటం పక్కకి ఒరిగినా సర్దుకోలేదు.

"ఒరే కొమ్మనా! నువ్వు చెబితే వినలేదని, నా నోటితో నాకే చెప్పించావు కదరా!" తన భుజాన ఉన్న శాలువ తీసి అతనికి కప్పాడు. చేతి కడియం తీసి తొడిగాడు. "ఇంకేం కావాలో అడుగు."

"దూరం వెళ్ళిన ఏ మూటనైనా సరే, చేరిన ఊరి చావడిలోనే నలుగురి ఎదుట విప్పి చూసి, అప్పుడే అప్పగించాలని ఒక్క ముక్క చెక్కించండి ప్రభూ. రాతిలో ఇంకా చోటుంది."

"చెక్కిస్తాను. చెంచమ్మా, నీ అంగడి నీదే. తప్పు మాది." రాజు ఆ మాట అనడం ఆ సభ అంతకుముందెన్నడూ వినలేదు. "నువ్వు మాత్రం, బావమరిదీ, కోటకి పోయి ఆ కర్పూరం పెట్టె నీ భుజం మీదే మోసుకురా. ఏడు చావళ్ళలోనూ దించి తూకం వేయించుకో. ఈసారి తగ్గకపోతే చెబుతాను నీ పని."

ఆ మధ్యాహ్నమే చెంచమ్మ గోనెలోంచి డబ్బాలు తీసి మళ్ళీ అరల్లో సర్దింది. సర్దడం పూర్తికాకముందే గుమ్మం ముందు పల్లకీ ఆగింది. దాసీలెవర్నీ పంపకుండా రాణిగారే దిగి లోపలికొచ్చింది. త్రాసు దగ్గరకొచ్చి నిలబడింది.

"చెంచమ్మా, ఆ రోజు సభలో నేను నోరు విప్పి ఉంటే... మా తమ్ముడి సంగతి నాకు..."

చెంచమ్మ చీరకొంగుతో పీట తుడిచి ముందుకి జరిపింది.

"కూర్చోండమ్మా. ఎన్ని తులాలు కట్టమంటారు?"